పెరినో గారి ఆదివారపు ఓటమి

పెరినో గారికి ఒక్కటే జబ్బు: రాతిలో గవ్వ దొరికితే ఏడవడం. మా ప్యారిస్ చుట్టూ ఉన్న సున్నపురాతి గనుల్లో గవ్వలకు కొదవ లేదు కాబట్టి ఆయన ఏడుపుకూ కొదవ ఉండేది కాదు.

ఏ జీవినైనా దేవుడు విడిగా చేశాడనీ, ప్రళయమొచ్చి పాతవి పోతే కొత్తవి చేశాడనీ ఆ లాటిన్ మేష్టారి వాదం. కాదు, ఒకటే మెల్లమెల్లగా మరొకటిగా మారిందని పక్షవాతంతో మంచాన పడ్డ మా మామయ్య, డాక్టర్ తిబో వాదం. గనిలో కింది పొరలోని పాత గవ్వలు నున్నగా ఉండేవి, పై పొరలోని తర్వాతివి గీతలతో ఉండేవి. మధ్యరకం దొరకనంత కాలం పెరినో గారిదే గెలుపు.

దొరికేది. ప్రతి ఆదివారమూ.

"లియోనీ, నా కొంప మునిగిందే!" మెట్ల మీదనుంచే కేక. "మళ్ళీ దొరికింది దరిద్రపుది! సగం నున్న, సగం గీతలు!"

"సెయిన్ నదిలో పారేయకపోయారా?"

"చేపలు కూడా నవ్వుతాయే!"

మామయ్య ఆడే చేత్తో గవ్వను తడిమేవాడు. "ఏమయ్యా, ఇంకా ప్రళయమే అంటావా?"

"చచ్చేదాకా అంటాను! నీకేం, పడుకుని గెలుస్తున్నావు. గనిలో మోకాళ్ళు అరిగేలా పాకి ఓడుతున్నది నేను!"

ఈ వాదం మీద మామయ్య రాసిన పుస్తకాన్ని పండితులు చదవకుండానే వెక్కిరించారు. ఆయనకు తిండి సహించేది కాదు, మాట తడబడసాగింది. వైద్యుడు పెదవి విరిచేశాడు. అయినా శనివారం సాయంత్రం నన్ను పిలిచి గడ్డం గీయమనేవాడు. "రేపు వాడొస్తాడు, ఓడిపోవడానికి."

ఆ చలికాలం సంతలో గనిపనివాడి భార్య కనిపించింది. "గనా? చలి మొదలుకాక ముందే, ద్రాక్షకోతలప్పుడే నీళ్ళు నిండి మూసేశారు కదమ్మా! ఇప్పుడందులో ఉన్నవి కప్పలే."

మరి ఈ గవ్వలు ఎక్కడివి? నేరుగా పెరినో గారింటికి వెళ్ళాను. బల్ల మీద నున్నటిదాని నుంచి గీతలదాని దాకా మధ్యరకాలన్నీ వరసగా, దుమ్ముపట్టి ఉన్నాయి.

"ఎప్పుడు దొరికాయండీ ఇవి?"

ఆయన దొంగలా తల దించుకున్నాడు. "ఏళ్ళ కిందట, ఒకే వేసవిలో. నా వాదం అప్పుడే చచ్చిపోయిందే తల్లీ."

"మరి ప్రతివారం ఆ ఏడుపు?"

"మొదటిసారి ఏడుపు నిజమైనదే. అన్నీ ఒకేసారి పట్టుకొస్తే మీ మామయ్య ఒక్కరోజే గెలుస్తాడు. ఆ తర్వాత పాపం, ఆయనకేముంటుంది?"

వరసలోని ఒక గవ్వను వేలితో తడిమి చూశాను. "ఈమధ్య మామయ్య వేళ్ళకు సన్నగీతలు తెలియడం లేదు," అన్నాను.

ఆయన కంగారుగా బల్లంతా వెతికి, అన్నిటికన్నా పెద్ద గవ్వను తీసి, దుమ్ము ఊది వెలుగులో పెట్టి చూశాడు.

"అబ్బో, దీనికి మామూలు ఏడుపు చాలదు," అంటూ గొంతు సవరించుకున్నాడు.