చప్పిడి పత్యం

మా నాయన జన్మలో కల్లు గాని సారా గాని ముట్టలేదు. మా బంధువుల్లో ఇప్పటికీ ఈ మాట నమ్మనివాళ్లున్నారు.

రెండో యుద్ధం మొదలైన రోజుల్లో, ఊళ్లో కోటలాంటి మా గడీ చేజారి, మేం నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. గడీ పోయినా తలపాగా లేకుండా నాయన గడప దాటేవాడు కాదు. అయితే గడీతో పాటే ఆయనకు రాత్రుళ్లు నిద్రా కరువైంది. ఆబిడ్స్‌లో పేరుమోసిన డాక్టరు బ్రోమైడ్ మిక్చర్ ఇచ్చాడు. సీసాకు అతికించిన కాగితం గాట్ల ప్రకారం పూటపూటా తాగమన్నాడు. ఏం తింటున్నారని మాత్రం అడగలేదు.

ఆయన అడగకపోయినా మా మేనత్త పత్యం పెట్టింది. మా ఇళ్లలో మందు మొదలైతే ఉప్పూ పులుపూ బంద్. చప్పిడి అన్నం, చప్పిడి పప్పు.

“ఇంగ్లీషు మందుకు పత్యం ఉండదంటరు గదా, అత్తమ్మా?” అన్నాను.

“మందంటే మందే బిడ్డా. అయినా గా మందే ఉప్పగున్నది, మళ్ల కూట్ల ఉప్పెందుకు?”

మొదట నిద్ర పట్టింది. కొన్ని వారాలకు పగలు కూడా మత్తే. నాలుక మడతపడింది, ముఖం మీద పొక్కులు లేచాయి. నరాల బలహీనతని చెప్పి డాక్టరు మోతాదు పెంచాడు! ఆ తర్వాత మొజంజాహీ మార్కెట్ దగ్గర నాయన తూలి జామకాయల బుట్ట మీద పడ్డాడు. తలపాగా దొర్లిపోయింది.

“జర తక్కువ తాగు, దొరా!” అన్నాడు పండ్లవాడు. నవ్వినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు.

మర్నాడే నాయన తమ్ముడు, మా చిన్నాయన దిగాడు.

“గిట్ల బజార్ల పడుడేంది? ఇంటి పేరు బురదల కలిపిండు. పిచ్చి దవాఖానల పడేద్దాం.”

“నాయిన తాగడు.”

“ఔ, గుళ్లె తీర్థం తాగి తూలుతున్నడు!”

నాయన జవాబివ్వబోయాడు. మాట ముద్దగా వచ్చింది. “విన్నవా?” అన్నాడు చిన్నాయన, గెలిచినవాడిలా. జట్కా తెస్తానని వెళ్లబోయాడు. వారం ఆగమని బతిమాలాను. ఆ మనిషిని బతిమాలాల్సి వచ్చినందుకు నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

చాదర్‌ఘాట్‌లో మెదక్ నుంచి వచ్చిన కిరస్తానీ డాక్టరు ఒకాయన ఉండేవాడు. నాయనను ఆయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నాయన నోటి వాసన చూశాడు, పొక్కులు చూశాడు, తిండి సంగతి అడిగాడు. చప్పిడి అని చెప్పగానే తల పట్టుకున్నాడు.

“ఈ మందు ఉప్పుకు దాయాదయ్యా. మూత్రపిండాలకు రెండిటికీ తేడా సరిగ్గా తెలియదు. ఉప్పు బాగా తింటే, ఉప్పుతో పాటు మందు కూడా మూత్రంలో పోతుంది. మీరు ఉప్పు మాన్పించారు. ఉప్పు దొరకని ఒళ్లు ఈ మందునే ఉప్పనుకుని పట్టుకుంది. అసలే మెల్లగా పోయే మందు. పాతది పోకముందే కొత్తది పోస్తుంటే పేరుకోదా మరి? ఇది తాగుడూ కాదు, పిచ్చీ కాదు.”

సీసా ఆపించి, అన్నంలో ఉప్పు వేయించి, ఉప్పు కలిపిన నీళ్లు తాగమన్నాడు. “మందు ఆపి ఉప్పు పెట్టుడు ఏం వైద్యం?” అని గొణుగుతూనే అత్తమ్మ పెట్టింది. జట్కా రాకుండా చిన్నాయనను వారం వారం ఆపుతూ వచ్చాను. మత్తు ఒక్కరోజులో దిగలేదు. మెల్లగా మాట తేరింది, కాలు నిలిచింది, నాయన తన తలపాగా తనే చుట్టుకున్నాడు.

అప్పుడు వచ్చి చూశాడు చిన్నాయన. “మానేస్తే ఎంత మంచిగున్నవ్ అన్నా!”

“ఏం మానేసిన?”

“గదే... మందు.”

“ఔ. మందే మానేసిన,” అన్నాడు నాయన. నిజం చెప్పడం తప్ప ఆయనకు మరొకటి రాదు.

చిన్నాయన ఆ మాటను ఒప్పుకోలుగా మూటగట్టుకుని బషీర్‌బాగ్ దాకా పంచాడు. సంగతి తెలిసి నేను మండిపడుతుంటే, “నేను నిజమే చెప్పిన. వాడేం విన్నడో వాని కర్మ,” అన్నాడు నాయన.

నాకంత ఓర్పు లేదు. ఆ సాయంత్రమే చిన్నాయన ఇంటికి పోయి, ఉప్పు సంగతి, మూత్రపిండాల సంగతి మొదటి నుంచీ చెప్పాను. జాలిగా విన్నాడు.

“నీ నాయినే ఒప్పుకున్నడు గదరా. ఫికర్ చెయ్యకు, కూసో,” అని కుర్చీ జరిపాడు.

నేను కూర్చోలేదు.