పక్కింటి స్తంభం

మా గ్యారేజీ తలుపు ఈమధ్య రిమోట్ మూడుసార్లు నొక్కితే గానీ కదలడం లేదు. చుట్టుపక్కల ఏదో పరికరం రేడియో తరంగాలకు అడ్డొస్తోందనీ, పక్కింటివాళ్లను అడగమనీ రిపేరుకు వచ్చినతను సలహా ఇచ్చాడు. నేను అడగలేదు. కారు బయటే పెట్టుకుంటున్నాను.

నా చిన్నప్పుడు, మేం వలస వెళ్లిన పరాయిదేశపు ఊరు బ్లాక్‌టౌన్‌లో మా రేడియోకు వారానికోసారి, ఆదివారం పదకొండింటికి, గంటసేపు తెలుగు వచ్చేది. మా తాతయ్య దానికోసం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాడు. ఒక వేసవిలో ఆ గంటంతా బర్రుమని ఒకటే గోల మొదలైంది. ఫిజీ నుంచి వచ్చిన పక్కింటి తెలుగాయన, మా ఫిజీ అంకుల్, పెరట్లో ఇనుప స్తంభం, దానిమీద ఏంటెనా ఉండేవి. ఫిజీలోనే ఉండిపోయిన తమ్ముడితో ఆయన ఆదివారాలు ఆ ఏంటెనాకు తగిలించిన సొంత రేడియో సెట్టు మీదే మాట్లాడేవాడు. తాతయ్యకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఫెన్సు మీంచి కేకేశాడు: "ఏమయ్యా, నీ తమ్ముడి క్షేమం కోసం నా తెలుగు పోవాలా?"

అంకుల్ అరచేతిలో పట్టే చిన్న ట్రాన్సిస్టర్ తీసుకుని మా ఇంటికొచ్చి, గదిగదీ తిరిగాడు. నా గది గుమ్మం దగ్గర అది కందిరీగల తుట్టెలా అరిచింది. లోపల నేను కొత్త వీడియో గేమ్ ఆడుతున్నాను. పెద్దలంతా రేడియో ముందుండే ఆ గంటే నాకు దొరికే స్వేచ్ఛ. ఆయన ట్రాన్సిస్టర్ కట్టేసి, నా వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. నేను చాలా శ్రద్ధగా గోడను చూశాను.

తర్వాత ముందు గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "మాదే అయ్యుంటుంది పెద్దయ్యా. దించేస్తాలెండి."

మర్నాడు నేను లేచేసరికి స్తంభం గడ్డిలో, నిచ్చెన పక్కన పడుకుని ఉంది. భయంకొద్దీ నేను ఆ గంటలో ఆట మానేశాను కాబట్టి గోలా ఆగింది. దాంతో "నే చెప్పలా!" అని తాతయ్య ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. అంకుల్, ఆయన తమ్ముడు మాటలు మాని ఉత్తరాల్లోకి దిగారు. అంకుల్ నన్ను కాపాడాడనుకుని, నేను కృతజ్ఞతగా నోరు మూసుకున్నాను.

అప్పట్నించీ ఏ వస్తువు మొరాయించినా ముందు మా ఇంటి ప్లగ్గులే ఒక్కొక్కటీ పీకి చూసుకుంటాను. గ్యారేజీ తలుపుకూ అదే చేశాను. ఆ రోజు నుంచి నాకు మిగిలిన విద్య అదొక్కటే.

పోయిన నెల అంకుల్ పోయారు. పలకరించడానికి వెళ్లినప్పుడు ఆంటీకి మొత్తం చెప్పేశాను. ఆవిడ టీ కప్పు నా చేతికిచ్చింది.

"తెలుసు బాబూ. నువ్వొచ్చి చెప్తావేమోనని ఆ రోజు చీకటిపడేదాకా నిచ్చెన ఎక్కలేదు మీ అంకుల్."