కోట కింద మంద కుక్క

మేడ్చల్ పారిశ్రామికవాడలో మేము తయారుచేసిన మాత్రల ప్యాకింగ్ యంత్రాన్ని బిగించడానికి గ్రీసు దేశం వెళ్ళినవాళ్ళం ఇద్దరం. నేను కొలతలు సరిచూసేవాణ్ణి. నాతో వచ్చిన ఫిట్టర్ అత్వెల్లివాడు, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. గొర్లకాపరుల ఇంట పుట్టి, కర్ర వదిలి పానా పట్టినవాడు. క్రిస్మస్ సెలవులకు అక్కడి ఫ్యాక్టరీ తొమ్మిది రోజులు మూతపడింది. నాలుగు రోజులు హోటల్ గోడలు చూసి విసిగి, ఐదో రోజు, అంటే డిసెంబరు చివరి ఆదివారం, కొండకోటలు చూద్దామని బస్సెక్కాం.

ఏడూ పదికి బయలుదేరిన బస్సు తొమ్మిదీ యాభై అయిదుకు మమ్మల్ని ఒక కొండ ఊళ్ళో దించింది. దారిలో అరవై నాలుగు మలుపులు. ఊరంతా రాతి ఇళ్ళే. పొగగొట్టాలలో సగానికి పొగ లేదు. కొన్ని పాత ఇళ్ళకు వీధివైపు కిటికీలకు బదులు చేతి వెడల్పు సందులున్నాయి. ఇంటికీ ఇంటికీ పగలున్న కాలంలో పక్కింటివాడి మీదకు తుపాకీ గురిపెట్టడానికి వదిలినవట అవి. మందుల దుకాణం మీది బోర్డు సున్నాకు మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది.

కోటకు మెట్లు నాలుగు వందల పద్దెనిమిది. నేను పైకి లెక్కపెడుతుంటే ఫిట్టర్ నవ్వాడు.

"గివి లెక్కవెట్టి ఏం జేస్తవ్ సారు? గ్రీసు సర్కారుకు అప్పజెప్తవా?"

"రాసుకుంటాను."

"రాసుకో. రేపు ఒక మెట్టు తక్కువైతే నిన్నే అడుగుతరు."

కోట ద్వారం పైన నిలువు రంధ్రం ఒకటి ఉంది. లోపలికి చొరబడేవారి నెత్తిన మరిగే నూనె, కాల్చిన ఇసుక పోయడానికని పక్కనున్న పలక చెబుతోంది. దాని కిందే నిలబడి పైకి చూశాడు ఫిట్టర్. లోపల నీళ్ళ తొట్టి, కూలిన ప్రార్థనా మందిరం, వాటి అవతల గోడ లేని అంచు. ఖైదీలను ఆ అంచు నుంచే తోసేవారట.

"ఎంతమంది సచ్చిండ్రో రాసిండ్రా సారు?"

"రాయలేదు."

"మెట్లు లెక్కవెట్టినోడు వాళ్ళల్ల లేకుండె గావచ్చు."

పన్నెండూ పదికి వెనకవైపు కాలిబాటన దిగడం మొదలుపెట్టాం. మడమ మునిగేంత మంచు. మలుపు తిరగగానే గంటల చప్పుడు వినిపించింది. వాలులో గొర్రెల మంద ఉంది. మంద మధ్య నుంచి తెల్లటి రాయి ఒకటి లేచినట్టు ఒక కుక్క లేచింది. మేకపోతంత ఎత్తు. మొరగలేదు. తల దించి మావైపు నడిచింది.

ఫిట్టర్ గొంతు తగ్గించాడు. "ఆగు సారు. గది మంద కుక్క, బజార్ కుక్క గాదు. కదలకు. దాని కండ్లల్లకు సూడకు."

అతని మాట నేను విన్నాను. అర్థమైంది కూడా. అయినా వంగాను.

మేడ్చల్ బస్సు డిపో నుంచి మా ఇంటి దాకా కోడిమాంసం దుకాణాలు పదకొండు. ప్రతి దుకాణం ముందూ కుక్కలే. అవి మీదికొస్తే రాయి కోసం వంగాలి. రాయి అక్కర్లేదు, వంగితే చాలు, తోకలు ముడిచి పారిపోతాయి. యాభై ఒక్కేళ్ళ నా జీవితంలో ఆ ఉపాయం ఒక్కసారీ తప్పలేదు. ఆలోచన కంటే ముందే నా నడుము వంగింది, కుడిచెయ్యి మంచులోకి దిగింది. మంచు కింద గడ్డి తప్ప ఏమీ లేదు.

తోడేళ్ళతో పోరాడే ఆ కుక్కకు వంగిన మనిషి అంటే అర్థం వేరు. ఇరవై అడుగుల దూరాన్ని రెండు దూకుల్లో దాటి నేరుగా నా ముఖం మీదికి వచ్చింది. ఫిట్టర్ నన్ను భుజంతో తోసి తన ఎడమ ముంజేతిని దాని నోటికి అడ్డం పెట్టాడు. జాకెట్టు, స్వెట్టరు, చర్మం ఒకే చప్పుడుతో చిరిగాయి. తడిబట్ట పిండినట్టు అది ఆ చేతిని పట్టి ఊపింది. అతడు మోకాళ్ళ మీద పడ్డాడు. మంచు మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి, వెంటనే చుక్కలు కలిసిపోయాయి. నేను అతని నడుము పట్టి వెనక్కి లాగబోయాను.

"గుంజకు! గుంజితే కండ వోతది," అన్నాడు పళ్ళు కరుచుకుని. చేతిని వెనక్కి తీయకుండా కుక్క గొంతులోకి ఇంకా లోపలికి నెట్టాడు.

డెబ్బై ఏళ్ళ కాపరి కింది నుంచి పరుగెత్తుకొచ్చాడు. వంకీకర్రతో దాని వెన్ను మీద మూడు దెబ్బలు వేశాడు, నాలుగోది మెడ మీద. ఆ నాలుగో దెబ్బకు అది కేక వేసి పట్టు వదిలింది. వదిలి ముసలాయన కాళ్ళ దగ్గరే కూర్చుని, మూతి నాక్కుంటూ ఆయన ముఖంలోకి చూసింది.

వాళ్ళ ఇల్లు అక్కడికి రెండు వందల అడుగులు. ఆయన కోడలికి ఇంగ్లీషు వచ్చు. వంటింట్లో కూర్చోబెట్టి, గాయాన్ని పావుగంట సబ్బు నీళ్ళతో కడిగి, తెల్లటి గుడ్డతో గట్టిగా కట్టింది. పట్నంలోని ఆసుపత్రికి తానే కారులో తీసుకెళతానంది. ఆమె కారు తాళాలు తీసుకుంటుండగా ముసలాయన గుమ్మంలో నిలబడి ఏదో అడిగాడు.

ఆమె నావైపు తిరిగింది. "మీలో ఎవరైనా రాయి తీశారా అని మా మామ అడుగుతున్నారు."

"లేదు," అన్నాను.

"కచ్చితంగా?"

"నా చేతిలో రాయి లేదు."

ఆమె ఆ మాట ఆయనకు చేరవేసింది. తర్వాత నాకు వాళ్ళ పద్ధతి వివరించింది. రాయి తీసినవాణ్ణి కరిస్తే అది కాపలా. ఊరికే నడిచిపోయే మనిషిని కరిస్తే ఆ కుక్కను ఇక మందలో ఉంచరు. ఉంచరంటే ఏమిటో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పటికీ సమయముంది. నేను వంగాను అన్న ఒక్క మాట చెబితే సరిపోయేది. నెత్తురు కారుతున్న మనిషి ముందు, నన్ను కాపాడినవాడి ముందు, తప్పు నాది అనడానికి నోరు రాలేదు. అబద్ధమాడలేదు గదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

"ఏమంటుండ్రు సారు?" అన్నాడు ఫిట్టర్.

"కుక్క సంగతి."

"నువ్వు వంగినవని చెప్పినవా?"

"రాయి తీశావా అని అడిగారు. తీయలేదన్నాను."

అతడు నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. ఈలోగా ముసలాయన తలుపు వెనక నుంచి జంట గొట్టాల తుపాకీ తీసుకుని బయటికి నడిచాడు. గొర్లకాపరి కొడుక్కి ఏ అనువాదమూ అవసరం కాలేదు. కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "తాతా, ఆగు తాతా, దాని తప్పు లేదు," అని తెలుగులోనే అరుస్తూ గుమ్మం దాకా పరుగెత్తాడు. అక్కడికి చేరేసరికి మొదటి తూటా పేలింది.

యజమాని వస్తున్నాడని కుక్క తోక ఊపుతూ ఎదురువచ్చింది. ఆ కదలికకు గురి తప్పి తూటా తుంటికి తగిలింది. వెనక కాళ్ళు రెండూ పడిపోయాయి. ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ అది ఆయన దగ్గరికే వచ్చింది. ఎడమ బూటుతో దాని మెడ తొక్కిపట్టి రెండోది తలలోకి కాల్చాడు. మంద మొత్తం ఒక్కసారి కంచె మీదికి విరుచుకుపడింది.

పట్నానికి కారులో నలభై నిమిషాల ప్రయాణం. ఆసుపత్రిలో పంతొమ్మిది కుట్లు పడ్డాయి. కుక్క బతికుంటే పది రోజులు కనిపెట్టి చూసేవాళ్ళమని డాక్టరు అన్నాడు. అది లేదు గనుక రేబిస్ సూదులు అయిదూ వేయించుకోవాలన్నాడు. మూడు అక్కడ, మిగతా రెండు మేడ్చల్ సర్కారు దవాఖానలో.

లోపల కుట్లు వేస్తుండగా వరండాలో ఆ కోడలికి చెప్పాను. "రాయి లేదు. కానీ రాయి కోసమన్నట్టు నేను వంగాను. అది చూసే దూకింది."

ఆమె కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. "మామ దాన్ని సీసాతో పాలు పట్టి పెంచారు," అంది. "చెడిపోయిందని నమ్మి కాల్చారు. ఈ మాట నేను ఆయనకు చెప్పను. మీరు కూడా మా ఇంటికి మళ్ళీ రావద్దు."

ఆమె వెళ్ళిపోయింది. కట్టుతో బయటికొచ్చిన ఫిట్టర్‌కు మా మాటలు ఉన్నదున్నట్టు అప్పజెప్పాను. అతడు బెంచీ మీద నాకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"మా నాయిన గూడ ఒకపారి గొర్రెపిల్లను తిన్నదని మా కుక్కను కట్టెతోని కొట్టి సంపిండు. తెల్లారి ఇంకో పిల్ల వోయింది. తిన్నది వేరే ఊరకుక్క. దాని తప్పు లేకుండెనని మేమందరం నాయినతోని అన్నం, రోజూ అన్నం. ఇగ ఆయన మంద దిక్కు సూడలే, జీవాలన్నీ అమ్ముకున్నడు. ఆమె మామకు జెప్పకపోవుడే మంచిది."

కట్టు కిందికి జారితే కుడిచేత్తో సరిచేసుకున్నాడు.

"గని నీకు మాత్రం నేను యాదిజేస్తనే ఉంట సారు. నువ్వు వట్టిగ మరిచిపోయెటోనివి గాదు, రాసుకునెటోనివి. ఏం రాస్తవో నాకు జదివి వినిపియ్యాలె."

ఆ రాత్రి హోటల్ గదిలో చదివి వినిపించాను. "రాయి లేదు" అన్న వాక్యం దగ్గర ఆపమన్నాడు. అది కొట్టేయించి, తాను చెప్పినట్టు రాయించాడు: నేను వంగిన, కుక్క సచ్చింది.