మైకు ముందు వియ్యంకుడు

రిటైరైన కొత్తలో డ్రైవరు పొద్దు గడవక భార్య ప్రాణం తోడేశాడు. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంటే, కత్తెర ఎక్కడ పెట్టాలో, ఫ్యాను ఎంత వేగంలో తిరగాలో పక్కన నిలబడి చెప్పేవాడు. ఒకరోజు ఆవిడ విసుగెత్తి, "మన సందులో లైటు వెలిగి ఎన్నాళ్ళైందో. ఆ చెప్పేదేదో వెళ్ళి మునిసిపల్ ఆఫీసులో చెప్పిరండి" అంది.

వెళ్ళాడు. అక్కడి అటెండరు, "మంచిరోజే వచ్చారు. ఇవాళ కౌన్సిల్ సమావేశం. ముందు కాసేపు జనాలకి మాట్లాడే అవకాశం ఇస్తారు, పేరు రాయించుకోండి" అన్నాడు.

సిటీ బస్సు నడిపినన్నాళ్ళూ ఆయనతో మాట్లాడినవాళ్ళు లేరు. డ్రైవరుతో మాట్లాడరాదని తలమీదే రాసి ఉండేది. కండక్టరుకి ఊరంతా చుట్టాలే. డ్రైవరుకి మాత్రం అద్దంలో కనబడే సగం సగం ముఖాలే లోకం. అలాంటి మనిషి ఆ రోజు మైకు ముందు నిలబడ్డాడు. మేయరమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఆయన వైపే చూసి, "చెప్పండి" అంది. హాలు నాలుగు మూలల్నుంచీ తన గొంతు తనకే వినబడింది. లైటు సంగతి చెప్పేలోపే బెల్లు కొట్టేశారు. అయినా మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికైపోయింది.

ఆ తర్వాత ఆయన ఒక్క సమావేశం కూడా వదల్లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు వెళ్ళేవాడు. చెక్క అడ్డుకు ఇవతల జనాల కోసం వేసిన కుర్చీల్లో, ఫ్యాను గాలి తగిలే కుర్చీ ఆయనదని అటెండరుకి కూడా తెలుసు. అడ్డుకు అవతల వంపు బల్ల చుట్టూ సభ్యులు కూర్చునేవారు. ఒకాయన ఫోను చూసుకునేవాడు, ఒకాయన పక్కాయన చెవి కొరికేవాడు. కార్యదర్శి ఒక్కో అంశం ఊపిరి తిప్పుకోకుండా చదివేవాడు. చెత్త లారీలకి టైర్లు, కాలవల్లో పూడిక, వీధికుక్కలు, శ్మశానం గోడ. "ఆమోదమేనా?" అని మేయరమ్మ అడిగేది. చేతులు సగం లేచి దిగిపోయేవి. ఆ చేతులు చూస్తూ ఊరంతా తన కళ్ళముందే నడుస్తోందని డ్రైవరు మురిసిపోయేవాడు.

ఆయన అడిగినవాటిలో సందులో లైటు వెలిగింది. ఒక వంకర స్తంభం తిన్నగా నిలబడింది. వెలగనిది, నిలబడనిది ఒక్కటే: పెద్దాసుపత్రి దగ్గర బస్టాపుకి ఒక నీడ, కూర్చోడానికి ఒక బల్ల. రోగులు ఎండకీ వానకీ గోడకానుకుని నిలబడ్డం ఆయన స్టీరింగు వెనకనుంచి ఏళ్ళ తరబడి చూశాడు. అడిగినప్పుడల్లా, "పరిశీలిస్తాం" అనేది మేయరమ్మ. ఆయన కూడా మర్యాదగా తలూపి వచ్చి కూర్చునేవాడు.

అలా నాలుగేళ్ళు గడిచాక వియ్యంకుడు ఈ ఊరు వచ్చాడు.

డ్రైవరు కూతురి అత్తమామలు అంతదాకా వేరే ఊళ్ళో ఉండేవారు. వియ్యంకుడు పరుపుల షాపులో సేల్స్‌మన్‌గా చేసి మానేశాక, కొడుకూ కోడలి దగ్గరికి మకాం మార్చారు. రెండు వీధుల అవతల ఇల్లు. మనిషి కలుపుగోలు. నిద్ర పట్టదన్నవాడికీ, నిద్ర చాలదన్నవాడికీ అదే పరుపు అమ్మిన మనిషి.

"బావగారూ, మీరు కౌన్సిల్‌కి వెళ్తారటగా. నన్నూ తీసుకెళ్ళండి. ఇంట్లో కూర్చుంటే మీ చెల్లెలు బియ్యం ఏరమంటోంది" అన్నాడు ఒకరోజు.

డ్రైవరు సంబరంగా తీసుకెళ్ళాడు. ఎవరెవరు ఏ వార్డో చూపించాడు. మైకుకి ఎంత దూరంలో నిలబడాలో కూడా చెప్పాడు. ఆ చెప్పడమే కొంప ముంచింది.

మరుసటి నెల వియ్యంకుడు తనూ పేరు రాయించుకున్నాడు. మైకు దగ్గరికి వెళ్ళి, కాస్త ఆగి, హాలంతా ఒకసారి చూశాడు.

"అమ్మా, మా ఇంటి ముందు పార్కు. పార్కుకీ నాకూ మధ్య రోడ్డు. ఈ వయసులో వాకింగ్ చేస్తే ఆయుష్షు పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. ఆ రోడ్డు దాటుతుంటే తగ్గిపోతోంది. మీరూ డాక్టరూ ఒక మాట మీదకొస్తే నేను బతుకుతాను."

హాలు గొల్లుమంది. ఫోను చూసుకునే సభ్యుడు కూడా తలెత్తాడు. మేయరమ్మ నవ్వాపుకుంటూ ఇంజనీరు వైపు తిరిగి, "ఈ వారంలో చూడండి" అంది. బెల్లు కొట్టే అవసరమే రాలేదు.

నెల తిరక్కముందే పార్కు ముందు రోడ్డుమీద తెల్లటి చారలు పడ్డాయి. డ్రైవరు వాటిమీదుగా నడిచి చూశాడు. రంగు ఇంకా కొత్తవాసన వేస్తోంది. కళ్ళల్లో కారం కొట్టినట్టయింది.

ఆ సాయంత్రం కూతురు వచ్చి, "మా మావయ్యగారు ఒక్కసారి అడిగారో లేదో వేసేశారు, నాన్నా. వీధిలో అందరూ ఆయన్నే పొగుడుతున్నారు" అంది.

"రంగు డబ్బా ఖర్చు. అదేమైనా పెద్ద పనా" అన్నాడు డ్రైవరు.

భార్య మిషను ఆపి ఆయన ముఖం చూసింది.

అప్పట్నుంచీ ఆయనకి అన్నం సయించలేదు. ఫ్యాను కింద తన కుర్చీ పక్క కుర్చీలోనే వియ్యంకుడు కూర్చునేవాడు. అటెండరు వచ్చి ముందు ఆయన్నే పలకరించేవాడు. సభ్యులు అడ్డు దాటి వచ్చి ఆయన భుజం తట్టి వెళ్ళేవారు. "ఈయన మా బావగారు. నాకు దారి చూపించింది ఈయనే" అని వియ్యంకుడు ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. డ్రైవరు పళ్ళికిలించి నవ్వేవాడు. ఆ మాట ఆయనకి పుండుమీద ఉప్పులా ఉండేది. వియ్యంకుడయిపోయాడు, కసిరి అవతలికి పొమ్మనడానికి లేదు. ఒక మాట తూలితే అది కూతురి కాపురంలో పడుతుంది.

తనూ నవ్వించాలనుకున్నాడు. అద్దం ముందు నిలబడి వీధికుక్కల మీద ఒక జోకు పదేపదే చెప్పుకున్నాడు. "కుక్కల గురించి చెబుతున్నారా, కుక్కలకి చెబుతున్నారా?" అని అడిగింది భార్య. సమావేశంలో చెప్పాడు కూడా. ఎవరూ నవ్వలేదు. కుక్కల విభాగం చూసే అధికారి మాత్రం లేచి, కరిచిన కేసుల వివరాలు పంపమన్నాడు.

అసలు దెబ్బ వానాకాలంలో తగిలింది. వియ్యంకుడు మైకు ముందుకెళ్ళి, "పెద్దాసుపత్రి బస్టాపులో మొన్న మా వదినగారు మోకాలి నొప్పితో తడుస్తూ నిలబడ్డారు. ఆసుపత్రిలో తగ్గించుకున్న నొప్పి బస్టాపులో తిరిగి తెచ్చుకున్నారు. ఒక నీడ, ఒక బల్ల వేయించండి" అన్నాడు.

వదినగారంటే డ్రైవరు భార్యే. ఈసారి ఎవరూ నవ్వలేదు, అయ్యో అన్నారు. మేయరమ్మ కార్యదర్శితో, "వచ్చే నెల అంశాల్లో పెట్టండి" అంది.

డ్రైవరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నాలుగేళ్ళు. ఆ మాటే, ఆ బస్టాపే, ఆ మైకే. తనకి పరిశీలన, ఆయనకి ఎజెండా. తిరిగొచ్చి కూర్చున్న వియ్యంకుడు చెవిలో, "బాగా చెప్పానా, బావగారూ?" అని అడిగాడు.

"చాలా బాగా" అన్నాడు డ్రైవరు.

ఇంటికొచ్చి భార్య మీద పడ్డాడు. "నీ మోకాలి సంగతి ఆయనకి ఎవరు చెప్పమన్నారు?"

"అన్నయ్యగారు కుంటుతున్నావేంటమ్మా అని అడిగారు, చెప్పాను. మీరు అడిగుంటే మీకూ చెప్పేదాన్ని" అందావిడ.

మరుసటి నెల ఆ అంశం వచ్చింది. కార్యదర్శి చదివాడు. "దీనిమీద ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని మేయరమ్మ మామూలుగా అడిగింది. సాధారణంగా ఎవరూ చెప్పరు. డ్రైవరు లేచాడు. ఎందుకు లేచాడో లేచేదాకా ఆయనకే తెలియదు.

"అమ్మా, నేను ఆ దారిలో బస్సు నడిపినవాణ్ణి. అక్కడ షెల్టరు కడితే బస్సు మలుపు తిరగదు. వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతుంది. జనం మీదికొస్తుంది."

ఫోను సభ్యుడు ఫోను బోర్లా పెట్టాడు. ఇంజనీరు కలం తీశాడు. "ఎంత పొడవు బస్సులు?" అని ఒకరు, "పాతవా, కొత్తవా?" అని ఒకరు అడిగారు. ఆయన ఒక్కోదానికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఎవరూ బెల్లు కొట్టలేదు. ఇన్నేళ్ళలో ఆ హాలు ఆయన మాట అంత శ్రద్ధగా విన్నది ఆ రోజే. "అనుభవం ఉన్న మనిషి. ఈ అంశం పక్కన పెడదాం" అంది మేయరమ్మ. చేతులు లేచాయి.

ఆయన చెప్పింది అబద్ధం. ఆ మలుపులో రెండు బస్సులు పక్కపక్కన తిరుగుతాయి.

బయటికొచ్చాక వియ్యంకుడు ఆయన చెయ్యి పట్టుకుని, "మంచిపని చేశారు, బావగారూ. తెలియక అడిగాను. ఎవరి ప్రాణం మీదికైనా తెచ్చేవాణ్ణి" అన్నాడు. కోపం లేదు, వెటకారం లేదు. గెలిచినందుకు డ్రైవరు గుండెల్లో పొద్దుటినుంచీ ఉన్న మంట చల్లారాలి. చల్లారలేదు. ఆయన అంత మంచిగా ఉన్నందుకు ఇంకా మండింది.

విషయం కూతురి ద్వారా భార్యకి తెలిసింది. ఆవిడ మిషను మీద నుంచి తలెత్తలేదు.

"అక్కడ నీడ కావాలని ఇన్నాళ్ళూ అడిగింది మీరేగా?"

"అవును."

"మరి బస్సు తిరగదన్నారట."

ఆయన కింద పడ్డ గుడ్డముక్కలు ఏరసాగాడు.

"తిరుగుతుందా?"

"తిరుగుతుంది."

ఆవిడ దారం తెంపి, సూది తీసి డబ్బాలో పెట్టింది. "గురువారం నాకు ఆసుపత్రి ఉంది. మీరూ రండి" అంది.

గురువారం వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు చినుకులు మొదలయ్యాయి. ఒకే గొడుగు. ఆవిడ గోడకానుకుని ఒక కాలిమీద బరువు వేసి నిలబడింది. పక్కన చేతికి కట్టు కట్టుకున్న ముసలాయన తలమీద ఎక్స్‌రే కవరు పెట్టుకున్నాడు. బస్సు వచ్చి, మలుపు సులువుగా తిరిగి, వాళ్ళ ముందు ఆగింది. ఆవిడ బస్సు వైపూ చూడలేదు, ఆయన వైపూ చూడలేదు. ఆవిడ నోరు తెరిచి సాధించి ఉంటే బావుండేదనిపించింది ఆయనకి.

మళ్ళీ సమావేశానికి వెళ్ళి అందరికంటే ముందు పేరు రాయించుకున్నాడు. మైకు కడ్డీ పట్టుకుని కాస్త దించి, మళ్ళీ పైకెత్తాడు. చివరికి, "మొన్న నేను చెప్పింది నిజం కాదు. అక్కడ బస్సు తిరుగుతుంది. షెల్టరు కట్టొచ్చు" అన్నాడు.

మేయరమ్మ కళ్ళజోడు తీసింది. "మరి అప్పుడెందుకలా చెప్పారు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. పాత బస్సులనొచ్చు, మరిచిపోయాననొచ్చు. కానీ బుర్రలో ఉన్నదే నోట్లోంచి వచ్చేసింది. "మా బావగారు అడిగారని."

హాలు గొల్లుమంది. ఎన్నాళ్ళో కోరుకున్న నవ్వు. తలకొట్టేసినట్టయి డ్రైవరు వెనక్కి తిరిగాడు. అందరిలో నవ్వనివాడు ఒక్కడే. వియ్యంకుడు నేలవైపు చూస్తున్నాడు. సమావేశం సగంలోనే లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆయన ఇటు రాలేదు. కూతురు ఫోను చేసింది. "ఏమైంది నాన్నా? మావయ్యగారు ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. టీవీ కూడా పెట్టుకోవడం లేదు."

డ్రైవరు చొక్కా వేసుకుని వెళ్ళాడు. వియ్యంకుడు వరండాలో కూర్చుని ఉన్నాడు. లేచి కుర్చీ వేశాడు. మర్యాద తప్పలేదు, ముఖం మాత్రం ఇవ్వలేదు.

"నాది తప్పు, బావగారూ" అన్నాడు డ్రైవరు.

"పరుపులు అమ్మేటప్పుడు పక్కషాపువాడు నా గిరాకీని లాక్కుంటే ఎలా ఉండేదో నాకు తెలుసు" అన్నాడు వియ్యంకుడు. "వాడు బయటివాడు. మీరు నా పక్కన కూర్చున్నారు. బాగా చెప్పానా అని అడిగితే చాలా బాగా అన్నారు."

"అన్నాను."

"నాలుగేళ్ళుగా అడుగుతున్నానని ఒక్క మాట చెబితే, నేను మైకు మీకిచ్చి పక్కకి తప్పుకునేవాణ్ణి."

"అదే మింగుడు పడలేదు. మీరు తప్పుకుంటే నాకు దొరకడం."

వియ్యంకుడు వీధివైపు తిరిగాడు. లోపల్నుంచి కూతురు టీ తెచ్చింది. ఇద్దరూ తాగారు. క్షమించానని ఆయన అనలేదు. వచ్చేటప్పుడు మాత్రం గేటుదాకా వచ్చి, "మంగళవారం సమావేశానికి నడిచి వెళ్దామా, బస్సులోనా?" అని అడిగాడు.

షెల్టరు ఎండలు ముదిరే ముందు వచ్చింది. చిన్నదే. రేకు కప్పు, ఇనప బల్ల. ఆ వార్డు సభ్యుడు రిబ్బను కట్టించి, కత్తెర తెచ్చి వియ్యంకుడి చేతికిచ్చాడు. ఆయన డ్రైవరు వైపు కత్తెర చాపాడు. "వద్దులెండి, మీరే కత్తిరించండి" అన్నాడు డ్రైవరు, కాదు మీరేనని బతిమాలతారేమోనని చూస్తూ. వియ్యంకుడు ఇంకోసారి అడగలేదు. కత్తిరించేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. డ్రైవరు కూడా కొట్టాడు, చప్పుడు పెద్దగా రాలేదు. భార్య అప్పటికే బల్లమీద కూర్చుని కాలు చాపుకుంది.

"ఎలా ఉంది?" అని అడిగాడు.

"బల్ల బావుంది. మీ ముఖమే బాగాలేదు. వచ్చి కూర్చోండి" అని పక్కకి జరిగింది.