కింది పైపు మీద చెయ్యి

నర్సమ్మ కారు మళ్ళీ ఆవిరి కక్కుకుంటూ షెడ్డు ముందు ఆగింది. మేస్త్రి కారును చూడలేదు, నర్సమ్మను చూడలేదు, తిన్నగా బావమరిది మొహంలోకి చూశాడు. ఆ చూపుకు అర్థం బావమరిదికి తెలుసు. ఈ కారు ఇంకోసారి కాగి వెనక్కి వచ్చిందంటే నీ సామాను సర్దుకో, మీ అక్క మొహం చూసి ఇంకా ఊరుకోవడం నావల్ల కాదు అని ముందురోజే చెప్పేశాడు.

బావమరిదికి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? అక్క పెళ్ళయిన కొత్తల్లో, మూతి మీద మీసమైనా సరిగ్గా రాకముందు, ఈ షెడ్డులో పానా పట్టుకున్నాడు. ఇప్పుడు కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. ఇన్నేళ్ళలో కారు బాగుపడితే అది మేస్త్రి హస్తవాసి, బాగుపడకపోతే అది బావమరిది నిర్వాకం. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఈ షెడ్డులో ఆ మద్దెల ఎప్పుడూ తనే. ఊళ్ళో సగం కార్లకు తన చేతి మసి అంటినా, జనం నోట్లో అతను ఇంకా "మేస్త్రి బావమరిది"యే.

అలాగని మేస్త్రి ఆషామాషీ పనివాడేం కాదు. ఇంజిన్ కాగుతోందంటే బానెట్ ఎత్తి, రేడియేటర్ పై పైపు మీద ఒకసారి, కింది పైపు మీద ఒకసారి చెయ్యి వేసేవాడు. రెండూ వేడిగా ఉంటే నీళ్ళు తిరుగుతున్నట్టు. పైది కాలుతూ కిందిది చల్లగా ఉంటే నీళ్ళు మధ్యలో ఎక్కడో ఆగిపోయినట్టు. అంతే పరీక్ష. ఆయన చెయ్యి వేశాక ఇంకొకరు వెయ్యకూడదు, అది షెడ్డు చట్టం. తెలియని రోజుల్లో బావమరిది ఒకసారి వేస్తే, మేస్త్రి చాన్నాళ్ళు భోజనాల దగ్గర కూడా అతనితో మాట్లాడలేదు.

నర్సమ్మ కారుకు మొదట వాటర్ పంపు కారింది. పంపు మార్చారు, పనిలో పనిగా థర్మోస్టాట్ కూడా కొత్తది వేశారు. నీళ్ళు కాగగానే తెరుచుకుని వాటిని రేడియేటర్లోకి వదిలే చిన్న తలుపులాంటిది అది. కారు కాగి వెనక్కి వచ్చింది. మేస్త్రి చెయ్యి వేసి, రెండు పైపులూ వేడే, నీళ్ళు శుభ్రంగా తిరుగుతున్నాయి, ఆ తలుపు జోలికి వెళ్ళక్కర్లేదు అని తేల్చేశాడు. రేడియేటర్ కడిగారు. మళ్ళీ కాగింది. మళ్ళీ చెయ్యి, మళ్ళీ అదే తీర్పు. సరే, ఇంజిన్ పైమూత కింద ఉండే హెడ్డు గ్యాస్కెట్ పోయి ఉంటుందన్నారు. హెడ్డు విప్పి, గ్యాస్కెట్ మార్చి, మళ్ళీ బిగించేసరికి బావమరిది నడుములు పడిపోయాయి. ఇప్పుడు ఇదిగో, మళ్ళీ ఆవిరి.

నర్సమ్మకు మాత్రం కోపం రాదా? ఇళ్ళకు వెళ్ళి పురుళ్ళు పోసే మనిషి. ఈసారి కారు నడిరోడ్డు మీద ఆగితే, ఎవరిదో పాలవ్యాను ఎక్కి వెళ్ళిందట. తల్లీ బిడ్డా క్షేమమే గానీ అది మీ చలవ కాదు అని మొహానే అనేసింది.

మేస్త్రి బావమరిది వైపు వేలు చూపించాడు. "బోల్టులు సరిగ్గా బిగించి ఉండడు వీడు. రేపట్నుంచి వీడు ఉండడు లెండి," అన్నాడు.

పరాయి మనిషి ముందు అన్నాడు. బావమరిది పళ్ళు కొరుక్కుంటూ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. వేడి చూపించే ముల్లు పైకి ఎక్కేదాకా ఆగాడు. ఎలాగూ వదిలిపోయే షెడ్డుకు చట్టమేమిటని, కింది పైపు పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఇంజిన్ సలసలా కాగుతోంది, ఆ పైపు మాత్రం కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.

అంటే కొత్త థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు. మొదటిరోజే తెలియాల్సిన సంగతి. రేడియేటర్ కడగడం దండగ, హెడ్డు విప్పడం దండగ, పడ్డ తిట్లన్నీ దండగ. ఈ మనిషి అసలు చెయ్యి వేశాడా, వేసినట్టు నటించాడా? కోపం నషాళానికి అంటింది.

"బావా, ఇటొచ్చి చెయ్యి వెయ్యి."

మేస్త్రి గుడ్లురుముతూ వచ్చి కింది పైపు పట్టుకున్నాడు. వేడిగానే ఉందన్నాడు.

పట్టపగలు, కళ్ళెదుట అబద్ధం! బావమరిది నర్సమ్మను పిలిచి పట్టుకోమన్నాడు. చల్లగా ఉందని ఆవిడ చెప్పింది. మేస్త్రి మొహం జేవురించింది. ఎడమ చెయ్యి ఇంజిన్ మీద ఆనించి, కుడిచేత్తో బావమరిది మొహం మీద వేలు ఆడిస్తూ లంకించుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడివన్నాడు, ఇంకా చాలా అన్నాడు. నర్సమ్మ ఆ మాటలు వినడం లేదు. ఆయన ఎడమ చేతి వైపే చూస్తోంది. ఏదో కాలుతున్న వాసన వేసింది.

"చెయ్యి తియ్యండి," అంది.

ఏ చెయ్యో మేస్త్రికి అర్థం కాలేదు. బావమరిది మణికట్టు పట్టి ఒక్క గుంజు గుంజాడు. అరచెయ్యి తోలు తెల్లగా ఉడికి లేచిపోయింది. మేస్త్రి దాన్ని ఎవరిదో చేతిని చూసినట్టు చూశాడు. మొహంలో నొప్పి లేదు, దొరికిపోయిన భయం ఉంది.

నర్సమ్మ ఆయన్ని కుళాయి దగ్గరకు లాక్కెళ్ళి చెయ్యి నీళ్ళ కింద పెట్టింది. షుగరుందా అని అడిగింది. ఉందన్నాడు. స్పర్శ ఎప్పుడు పోయిందంటే, ముందు పాదాలకు పోయింది, తర్వాత చేతులకు అని కుళాయితో చెప్పినట్టు చెప్పాడు. ఇన్నాళ్ళూ ఇంజిన్ చప్పుడు విని, ఎదుటివాళ్ళ మొహాలు చూసి వేడో చల్లనో ఊహించేవాడట.

ఇక్కడ బావమరిదికి జాలి కలగాలి. కలగలేదు. జాలి తర్వాతెప్పుడో వచ్చింది. అప్పుడు మాత్రం ఇందాకటికంటే ఎక్కువ కోపం వచ్చింది.

"నాకొక్క మాట చెప్పడానికి నోరు రాలేదా? చెయ్యి నేను వేసేవాణ్ణి కదా. వేడో చల్లనో నీ చెవిలో చెప్పేవాణ్ణి. దానికి నన్ను పనికిమాలినవాణ్ణి చేస్తావా బావా?"

మేస్త్రి తలెత్తలేదు.

"చెప్పాక, నా మాట వినేవాడివా?" అన్నాడు.

వినేవాణ్ణని అనబోయి బావమరిది ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ ఆ తిట్లు పడింది ఆ చేతి పనితనం చూసే. ఆ చెయ్యి పనిచెయ్యదని తెలిసిన మర్నాడే తను మేస్త్రి అయిపోయేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇంజిన్ చల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా నర్సమ్మ మేస్త్రి చేతికి గుడ్డ కట్టింది. బావమరిది లేచి పానా తీసుకుని కారు దగ్గరకు వెళ్ళాడు. బోల్టు కింద పడిందంటే చాలు, మేస్త్రి ఏడు తరాలనూ తిట్టిపోసేవాడు. థర్మోస్టాట్ మూతకున్న మొదటి బోల్టు ఊడదీసి, బావమరిది దాన్ని కావాలనే నేల మీద పడేశాడు.

వెనక నుంచి ఒక్క మాట రాలేదు.