ఆటలోని పిల్లకు చెప్పిన మాట

సముద్రంలో మా నాన్నకు ఒక చోటు ఉండేది. అడుగున రాళ్లున్న చోటు. వల వేస్తే చిరుగుతుంది గానీ గాలాలు దించితే పెద్ద చేప పడేది. పడవలో జీపీఎస్ ఉన్నా ఆ చోటును నాన్న అందులో ఎక్కించలేదు, ఎవరైనా నొక్కి చూస్తారని. నీళ్ల మీద నుంచి ఒడ్డుకేసి చూస్తే సెల్ టవరు సరిగ్గా గుడి గోపురం వెనక నిలబడాలి. దక్షిణాన సరుగుడు తోపు కొస వాటర్ ట్యాంకును సగం మూయాలి. ఆ రెండూ కుదిరిన చోట లంగరు వేయాలి. అసలు గుర్తులు ఇవి కావు లెండి, మార్చి రాశాను. నాకు ఒకసారి వచ్చిన బుద్ధి చాలు.

ఇలాంటి గుర్తులు మాలో మగపిల్లలకే చెప్తారు. నేను ఒక్కతే కూతుర్ని. ఇంటర్ రెండో ఏడాదిలో, అమ్మ సణుగుతున్నా వినకుండా, నాన్న నన్ను పడవెక్కించి తీసుకెళ్లి చూపించాడు. "నాకు, మీ చిన్నాయనకు, నీకు. నాలుగో మనిషికి తెలవకూడదు," అన్నాడు. చిన్నాన్న పడవ వెనక కూర్చుని ఇంజను పట్టుకుని నవ్వాడు. ఒడ్డుకు వచ్చేసరికి నేను పెద్దదాన్నయిపోయాననుకున్నాను.

అదే నెలలో ఆ ఆట నా ఫోనులోకి వచ్చింది. ఆట అంటే పరుగులు, తుపాకులు ఏమీ ఉండవు. బొమ్మలు వస్తాయి, కింద మాటలు వస్తాయి, చదువుకుంటూ వేలితో తాకుతూ పోవాలి. మధ్యమధ్యలో రెండు దారులు చూపించి ఏది కావాలని అడుగుతుంది. మనం ఎంచుకున్నదాన్ని బట్టి కథ తిరుగుతుంది. ఎవరో కాలేజీ పిల్లలు తెలుగులో తయారు చేశారట. కొత్త బడిలో చేరిన ఒక పిల్ల కథ అది. పరీక్షలు, అలకలు, అమ్మతో పోట్లాటలు, అన్నీ నా గొడవలే. ఆ పిల్ల నాకు తెగ నచ్చింది.

సగం దాటాక బొమ్మలు మారడం మొదలైంది. తరగతి ఫోటోలో ఒక్కొక్కరి ముఖం చెరిగిపోయేది. ఆ పిల్ల మాత్రం మిగిలేది, సూటిగా నన్నే చూస్తూ. ఒక మధ్యాహ్నం, కావలి కాలేజీ నుంచి వచ్చే బస్సులో, పక్క సీటులో నా స్నేహితురాలు కునుకు తీస్తుంటే, తెర మీద తలుపు బొమ్మ వచ్చి ఆగింది. "ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పు. అప్పుడు తలుపు తీస్తాను," అంది. కింద రాయడానికి ఖాళీ పెట్టె.

ఏమీ లేదని రాశాను. "అబద్ధం," అంది. నాకు అరవయ్యేళ్ల లెక్చరరు మీద మనసుందని రాశాను. "అబద్ధం," అంది. మొదటి రెండుసార్లు ఎవరేం రాసినా అది అబద్ధమనే అంటుందని అప్పుడు నాకేం తెలుసు? వేరే ఊరి పిల్లయితే ప్రేమ సంగతో, కాపీ కొట్టిన సంగతో రాసుకునేది. నాకున్న రహస్యం ఒకటే. టవరు, గోపురం, తోపు కొస, ట్యాంకు, "ఆ చోటు నిండా చేపే" అని రాసేశాను. తలుపు తెరుచుకుంది.

పది రోజుల తర్వాత నాన్న ఖాళీ పడవతో తిరిగొచ్చాడు. మా చోటులో అప్పటికే వేరే పడవ లంగరు వేసి ఉందట. మర్నాడూ ఉంది. ఆ పడవ బస్సులో నా పక్కన కూర్చునే ఆ స్నేహితురాలి నాన్నది. చిన్నాన్న రోజూ సాయంత్రం వాళ్ల అరుగు మీద పేకాడతాడు.

"ఎవురో చెప్పకపోతే ఆ రాయి మీద సరిగ్గా ఎట్ట వేస్తాడు లంగరు?" అన్నాడు నాన్న, అన్నం ముందు కూర్చుని. ఎవరో అన్నాడే గానీ చూపు చిన్నాన్న ఇంటివైపే. అమ్మ వాళ్లింటికి పులుసు గిన్నె పంపడం మానేసింది. నాన్న పడవలో తమ్ముడికి వీపు పెట్టి కూర్చునేవాడు. చిన్నాన్న ఒక్కసారే అడిగాడు, "నన్ను అనుమానిస్తుండావా అన్నా?" అని. నాన్న గాలాల బుట్ట ఎత్తుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి చిన్నాన్న మా పడవెక్కలేదు.

నేను ఆటను అనుమానించాను. ఫోనులో ఎక్కించుకునేటప్పుడు అది అడిగిన ప్రతి అనుమతికీ సరే అని నొక్కాను కదా. ఫోను కెమెరా మీద బొట్టుబిళ్ల అంటించాను. ఆ పిల్ల వింటోందేమోనని ఇంట్లో గుసగుసగా మాట్లాడాను. నా పిచ్చి ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు తిండి సహించలేదు. చివరికి తేల్చుకుందామని ఆటను మళ్లీ మొదటి నుంచి ఆడాను. తలుపు దగ్గరికి రాగానే ఆ పిల్ల తల పక్కకు వాల్చి, "నీకంటే ముందొచ్చిన పిల్ల నాకేం చెప్పిందో తెలుసా?" అంది. కింద నా మాటలు, అక్షరం పొల్లుపోకుండా. ఆట వాటిని ఎక్కడికీ పంపలేదు, ఫోనులోనే దాచి తర్వాత ఆడినవాళ్లకు చూపిస్తోంది.

నా ఫోనులో నా తర్వాత ఆ ఆట ఆడింది ఒక్కతే. బస్సులో నా పక్క సీటు, నా స్నేహితురాలు.

మర్నాడు బస్టాండులోనే పట్టుకున్నాను. దొంగ అని తిట్టాను కూడా. తను తెల్లబోయింది. "నువ్వు రాసినావా మే అది? ఆటే చెప్తుండాదనుకున్నా. దానికి మన టవరు, మన గోపురం ఎట్ట తెలుసని వణికిపోయి, ఆట ఆడ్నే ఆపేసి, మా నాయనకు చెప్పినా. ఆయన నవ్వలా. మళ్లీ చెప్పమన్నాడు, అంతే," అంది. వాళ్ల నాన్న నలభై ఏళ్లుగా సముద్రం మీద బతుకుతున్నవాడు. టవరు, గోపురం, తోపు కొస వరసలో చెప్తే అదేమిటో ఆయనకు ఇంకొకరు విప్పి చెప్పాలా?

ఇంటికి తిరిగొచ్చేసరికి చిన్నాన్న బట్టల సంచి వాళ్ల గుమ్మంలో ఉంది. జువ్వలదిన్నె రేవులో ఒక పెద్ద బోటు మీద కూలికి కుదిరాడు, సాయంత్రం బయలుదేరుతున్నాడు. ఇక చెప్పకుండా ఉంటే నన్ను నేను క్షమించుకోలేననిపించింది. నాన్న ఇసుకలో కూర్చుని వల కుడుతున్నాడు. ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను. ఆట, తలుపు, అబద్ధం, నిజం. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"ముగ్గురికి గదా తెలిసింది," అన్నాడు. "నేను ఇద్దర్నే లెక్కేసినా." దారం కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా తమ్ముడింటికి నడిచాడు. లోపల వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చేటప్పుడు సంచి నాన్న చేతిలో ఉంది.

చిన్నాన్న నా దగ్గరికి వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. నేను ఏడుస్తూ క్షమించమన్నాను.

"నాకు మొదటిరోజే తెలుసు," అన్నాడు. "నేను చెప్పలా. అన్న చెప్పడు. ఇంక మిగిలిందెవురు?"

"మరి నాయనకు ఎందుకు చెప్పలా చిన్నాయనా?"

"ఆయన అనుమానం నేనైతే మోస్తాను. నువ్వు మోయగలవా?"

ఆ పూటే ఫోనులోంచి ఆటను తీసేశాను. స్నేహితురాలికి మాత్రం క్షమాపణ చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆ పాత చోటులో రెండు పడవలూ పోటీపడి చేపను ఖాళీ చేశాయి. మూడేళ్లకు అన్నదమ్ములిద్దరికీ ఇంకో రాళ్ల చోటు దొరికింది. దాని గుర్తులు నాన్న నాకు చెప్పలేదు. మళ్లీ నన్ను పడవా ఎక్కించలేదు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం చిన్నాన్న నన్ను ఒడ్డున నిలబెట్టి, చెయ్యెత్తి ఉత్తరం వైపు చూపించాడు. "అదిగో, ఆ మేడ ఉండాదే, దాని ఎడమ పక్కన..." అని మొదలుపెట్టాడు. నాకిప్పుడు ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. చిన్నపిల్లలా రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాను.