మంగళారతి అయ్యేదాకా ముట్టకూడదు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన రోజున మా లెక్కల అయ్యవారు కళ్లనీళ్లు పెట్టుకున్నారని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అవి ఆనందబాష్పాలన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

చదువు ఆగింది గానీ నోరు ఆగలేదు. లెక్కలు చేయాలంటే ఎక్కాలు రావాలి, అభిప్రాయం చెప్పడానికి ఏం రావాలి? నోరుంటే చాలు. ఫోన్ల మీద, క్రికెట్ మీద, టీవీ సీరియళ్ల మీద, ఆఖరికి దేవుడి మీద కూడా నా దగ్గర అభిప్రాయం సిద్ధంగా ఉండేది. ఆ అభిప్రాయాలన్నీ కలిసి ఒకనాటి ఉదయం టేకల్ స్టేషన్‌కూ మాలూరు స్టేషన్‌కూ మధ్య నన్నెలా నిలువునా ముంచాయో ఇప్పుడు చెబుతాను. మీకు నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వుకోండి. ఏడ్చే పని నేను అప్పుడే పూర్తి చేసుకున్నాను.

అప్పట్లో నేను కె.ఆర్.పురం స్టేషన్ బయట పెద్ద గొడుగు కింద ఫోన్ కవర్లు అమ్మేవాణ్ని. గాలివాన గట్టిగా వస్తే నేనూ, గొడుగూ కలిసి రోడ్డు దాటేవాళ్లం, మాకు దాటాలని లేకపోయినా. రోజూ పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి పోవడం, సాయంత్రం అదే రైల్లో తిరిగి రావడం. మా పెట్టెలో ఎవరి సీటు వాళ్లకు రాసిచ్చినట్టే ఉండేది. ఆ సీట్లకు పెద్ద మునెంకటప్పన్న. వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక స్పేర్ పార్ట్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తక్కువ మాట్లాడతారు, మాట్లాడితే చేస్తారు.

ఆ దసరాకు ముందు ఆయన నాతో ఒక మాటన్నారు.

"పండగ కానీప్పా చలపతీ. సోమవారం నిన్ను పిల్చుకొని పోయి మేనేజరుకు చూపిస్తాను. ప్యాకింగ్‌లో ఒక చోటుండాది."

నెత్తిమీద రేకున్న ఉద్యోగం! వానొస్తే ఎగిరిపోని ఉద్యోగం! మా అమ్మ ఆ సాయంత్రమే వీధి వీధంతా తిరిగి చెప్పేసింది. చెప్పడంతో ఆగక, మధ్యాహ్నం నాకు అన్నం కట్టడానికి మూడు అరల క్యారియరు కూడా కొనేసింది.

ఇక ఆ సోమవారం దాకా ఎవరితోనూ పేచీ రాకూడదు. మునెంకటప్పన్న పక్కన కూర్చునేవాళ్లందరూ ఆయన మనుషులే కాబట్టి, వాళ్లలో ఎవరు ఏమన్నా నేను అవుననడమే పనిగా పెట్టుకున్నాను. ఆఫీసు గుమాస్తా శీనప్ప కొత్తగా కొన్న స్మార్ట్ వాచీ చూపిస్తే "అబ్బా!" అన్నాను. ఊరిగాం కుర్రాళ్ల జట్టులో టెన్నిస్ బాలుతో ఆడే ప్లంబరు కుమార్ తన బౌలింగ్ గురించి చెబితే "నీ ముందర ఎవుడు నిలబడతాడు మచ్చా?" అన్నాను. పూలబుట్టతో మార్కెట్టుకు పోయే రత్నమ్మక్క ముందు రోజు సీరియల్ కథ చెబుతూ ఏడిస్తే, తోడుగా నేనూ ఏడ్చాను. మునెంకటప్పన్న భక్తికి తోడుగా కురుడుమలె వినాయకుడి గుడి దాకా చెప్పులు లేకుండా నడిచాను.

కానీ అవునవునని మింగిన అభిప్రాయాలు కడుపులో ఊరుకుంటాయా? పులిసిన పిండిలా పొంగుతాయి. అందుకని రోజూ ఇంటికి పోయాక, బడిలో నా పక్క బెంచీవాడు, ఇప్పుడు హోసూరులో పనిచేసే సెల్వానికి వాయిస్ మెసేజీలు పంపి తేలికపడేవాణ్ని. వాడు జవాబు ఇచ్చే రకం కాదు. మాట్లాడడం వాడికి బేజారు. వారానికోసారి బొటనవేలి బొమ్మ ఒకటి పెడతాడు, అంతే.

ఇక ఆయుధపూజ. సెలవుకు ముందు రోజు మా పెట్టెకూ పూజ చేస్తాం. తలుపులకు అరటి పిలకలు, కిటికీలకు మావిడాకులు. ఎవరి పనిముట్లు వాళ్లు ఒక పెద్ద స్టీలు తాంబాళంలో పెడతారు. కుమార్ పైపు రెంచీ పెట్టాడు, రత్నమ్మక్క పూల కత్తెర పెట్టింది, మునెంకటప్పన్న కొలతలు చూసే పరికరం పెట్టారు. శీనప్ప ల్యాప్‌టాప్ పెట్టాడు. "వాచీ?" అంటే, "అది గుండె విషయమప్పా, తీసేదానికి లేదు" అన్నాడు. రైల్లో కర్పూరం వెలిగించకూడదు కాబట్టి బ్యాటరీ దీపం కూడా ఆయనే తెచ్చాడు.

"పూజకు స్తోత్రం ఉంటే బాగుణ్ణు" అన్నారు మునెంకటప్పన్న.

ఇలాంటి చోట నోరు మూసుకునే వరం దేవుడు నాకివ్వలేదు. "నేనుండాను గదన్నా!" అన్నాను.

మా వీధి గుళ్లో పూజారి చదివిన అమ్మవారి స్తోత్రాన్ని ఆ మధ్య వాయిస్ మెసేజీగా రికార్డు చేసి, ఫోను పాడైనా పోకుండా ఉంటుందని సెల్వానికి పంపి దాచాను. నా గొడుగు దుకాణంలోని బ్లూటూత్ స్పీకరు సంచిలోనే ఉంది. ఫోనుకు దాన్ని కలిపాను. స్తోత్రం మొదలుపెట్టి, శబ్దం ఆఖరి దాకా పెంచి, ఫోనును, స్పీకరును కూడా నా పనిముట్లుగా తాంబాళంలో పెట్టాను. మునెంకటప్పన్న అన్నిటికీ విభూతి పూసి, కుంకుమ పెట్టి, పూలు చల్లి, గట్టిగా చెప్పారు.

"చూడండప్పా. పూజకు పెట్టినాంక మంగళారతి అయ్యేదాకా ఎవురూ ముట్టకూడదు. మధ్యలో ఎత్తినామంటే ఆ పనిముట్టు సంవత్సరమంతా మనమీదే తిరగబడతాది."

అందరం చేతులు జోడించాం. టేకల్ దాటింది. ఆయన అమ్మవారి నూటెనిమిది నామాలు మొదలుపెట్టారు. పది నామాలయ్యేసరికి స్పీకరులో స్తోత్రం అయిపోయింది.

ఆ యాప్‌కు ఒక గొప్ప గుణముంది. ఒక వాయిస్ మెసేజీ ముగిస్తే దాని కిందిది మనం అడగకుండానే మొదలవుతుంది. ఫోన్ల గురించి సర్వం తెలుసునని చెప్పుకునే నాకు ఆ ఒక్కటి గుర్తు రాలేదు.

స్పీకరు 'టింగ్' అంది. తర్వాత నా గొంతు పెట్టెంతా మోగింది.

"డేయ్ సెల్వం! శీనప్ప వాచీ కొన్నాడు రా. గుండె ఎట్ల కొట్టుకుంటాదో చెప్తాదంట. టైమెంత శీనప్పా అంటే మాత్రం కిటికీలోనుంచి ప్లాట్‌ఫారం గడియారం చూస్తాడు! నిన్న సీట్లో కూర్చొని విసనకర్ర విసురుకున్నాడు. అదేమో ఆయప్ప మాలూరు దాకా నడిచినాడని శభాష్ అనిందంట. ఇంటికి పోయి కాళ్లు పట్టించుకున్నాడు రా!"

నా ఒంట్లో రక్తం మారికుప్పానికి తిరుగు ప్రయాణం కట్టింది. చెయ్యి ఫోను మీదికి పోయింది. రత్నమ్మక్క ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"ముట్టకూడదని చెప్పలేదా? అన్నకు శని తగిలిస్తావా?"

"అక్కా, ఒక్క నిమిషమక్కా..."

"సుమ్మునుండప్పా, ముట్టొద్దు! పూజ జరుగుతాండాది" అంటూ కుమార్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. శీనప్ప మాత్రం నవ్వలేదు. ఆయన చేతికున్న వాచీ కీచుమని అరిచింది. గుండె వేగం ఎక్కువైంది, కాసేపు ప్రశాంతంగా కూర్చోమని సలహా ఇచ్చింది.

"ఆపు దీన్ని!" అన్నాడు శీనప్ప. అప్పటికే 'టింగ్' అయిపోయింది.

"ఆదివారం కుమార్ బౌలింగ్ చూసినాను రా. నీ ముందర ఎవుడూ నిలబడడని నేనే వాడికి చెప్పినాను. నిజమే గదా, నిలబడే పనేముండాది? కుర్చీ వేసుకొని కూర్చొని కొట్టొచ్చు! వాడు విసిరిన బాలు వచ్చి చేరేలోపల బంగారుపేటకు పోయి టీ తాగి రావొచ్చు. చొక్కా వెనకాల పేరు కూడా రాయించుకున్నాడు. బాలు కోసం పొదల్లో వెతికేవాళ్లకు, తిట్టాల్సింది ఎవుర్నో తెలియాల గదా!"

కుమార్ నవ్వు సగంలో తెగింది.

"డేయ్! తియ్‌రా ఫోను! నువ్వు తీస్తావా, నేను కిటికీలోనుంచి పారేసేదా?"

ఇప్పుడు వాడికి అడ్డం పడింది ఎవరనుకున్నారు? శీనప్ప!

"ఏమప్పా, నాది విన్నావు గదా పండ్లు ఇకిలిస్తా? నీది నేను వినొద్దా? ముట్టినావంటే చూడు!"

ఇదీ నా బతుకు. మొత్తం పెట్టెలో ఆ ఫోను ఆగాలని కోరుకునేవాణ్ని నేనొక్కణ్నే. తిట్లు తిన్నవాడికి పక్కవాడివి కూడా వినాలని ఆశ. తిననివాడికి తనది రాదని ధీమా. మునెంకటప్పన్న అటు నామాలు ఆపలేరు, ఇటు మాట్లాడలేరు. ఒక్కో 'నమః'కూ ఒక్కో చూపు నా మీద పడుతోంది. నేను మనసులో లెక్కపెడుతున్నాను, ఇంకా అరవై నామాలు. లెక్కల అయ్యవారు చూసి ఉంటే మెచ్చుకునేవారు.

సెల్వం గాడు మధ్యలో ఎక్కడైనా "సరే" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ వరుస తెగేది. మిత్రద్రోహి!

టింగ్.

"రత్నమ్మక్క చెప్పే సీరియల్లో అత్త మూడు నెలలుగా మెట్లు దిగతానే ఉండాది రా! ఇంగా కింది మెట్టుకు రాలేదు. మన మారికుప్పం గనుల్లో లిఫ్టు కూడా అంత లోతుకు పోయిండదు. నేనూ ఏడ్చినాను లే. అత్త కోసం కాదు, రత్నమ్మక్క పూలబుట్ట నా కాలిమీద పెట్టింది!"

రత్నమ్మక్క నన్ను చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. తాంబాళంలోని తన కత్తెర వైపు చూసి, మళ్లీ నన్ను చూసింది.

"కాలిమీద పెట్టినానని చెప్పొచ్చు గదప్పా" అంది నెమ్మదిగా. "నిన్ను చూసి, పాపం మెత్తని మనసు పిల్లోడని ఇంట్లో కూడా చెప్పినానే!"

అది తిట్టు కంటే లోతుగా దిగింది. నేను రైలు ఆగాలని కోరుకున్నాను, పట్టాలు తప్పినా సరేననుకున్నాను. రైలు మాత్రం ఎన్నడూ లేనంత బుద్ధిగా పోతోంది. రోజూ సిగ్నల్ దగ్గర అరగంట నిలబడే రైలు!

మిగిలింది ఒక్కటే మెసేజీ. అందులో ఏముందో నాకు తెలుసు. మునెంకటప్పన్న నూటెనిమిదో నామం ముగించి, బ్యాటరీ దీపం మీట నొక్కి, హారతి ఎత్తారు. కుమార్ గంట కొట్టాడు. గంట మోతలో వినపడదేమోనన్న ఆశ నాకు కలిగింది. నా స్పీకరు చాలా మంచిది. నేనే అలా చెప్పి అమ్మేవాణ్ని.

"సెల్వం, సంకష్టి చవితికి మునెంకటప్పన్నతో కురుడుమలెకు పోయినాను. ముళబాగిలు నుంచి చెప్పుల్లేకుండా నడిపించినాడు రా! ఎంత భాగ్యమన్నా, ఎంత భాగ్యమన్నా అంటా ముండ్లు పీక్కుంటా వచ్చినాను. సామి అంత పెద్దగా కూర్చోనుండాడు. నేను కోరింది ఒకటే. సామీ, ఈయప్ప కోరికల పట్టీ తొందరగా ముగించు, ఆకలవతాండాది అని. భక్తి ఏముండాది లే, ఉద్యోగం ఉండాది. ఆర్నెల్లు ఈయప్ప వెనకాల అవునన్నా అవునన్నా అని తిరుగుతాను. పర్మనెంటు కానీ, అదైనాంక ఆయనెవురో, నేనెవురో!"

గంట ఆగింది. స్పీకరు కూడా ఆగింది. దాని కింద సెల్వం పెట్టిన బొటనవేలు ఉంది మరి.

మునెంకటప్పన్న హారతి పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చారు. నా దగ్గరా ఆగారు. బ్యాటరీ దీపానికి వేడి ఉండదంటారు. ఆ రోజు నా చెయ్యి మాత్రం కాలింది. నా నుదుట కుంకుమ పెట్టి, తాంబాళం ముందుకు జరిపారు.

"ఆయిపాయ మంగళారతి. ఇంగ ఎత్తుకోప్పా."

వైట్‌ఫీల్డ్‌లో ఆయన వెనక్కి తిరగకుండా దిగిపోయారు. సోమవారం వచ్చింది, పోయింది. ప్యాకింగ్‌లో చోటు ఇంకెవరికో దక్కింది. అమ్మ కొన్న మూడు అరల క్యారియరు ఇప్పటికీ అటకమీద ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆమె ఏమీ అనదు, దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెడుతుంది. ఏమన్నా అంటే బాగుండునని నాకు ఉంటుంది. నా గొడుగు నాకే మిగిలింది. రైల్లో నా చోటు మాత్రం సీట్ల మధ్య నుంచి తలుపు పక్కకు మారిపోయింది.

నెలరోజులు అలా నిలబడ్డాక, ఒక సాయంత్రం మనసు గట్టి చేసుకుని ఆ సీట్ల దగ్గరికి పోయాను. నలుగురూ ఉన్నారు. చేతులు కట్టుకుని, కంఠం సవరించుకుని నా శపథం చదివాను.

"అన్నా, అక్కా, అందరూ వినండి. మారికుప్పం రైలు మీద ఒట్టు. ఈ జన్మలో ఇంగ ఏ వాచీ మీదా, ఏ బాలు మీదా, ఏ సీరియల్ మీదా, ఏ సామి మీదా నాకు అభిప్రాయం లేదు. వచ్చినా మింగేస్తాను. సెల్వం నంబరు తీసేసినాను. వచ్చే ఆయుధపూజకు ఫోను తాంబాళంలో పెట్టనే పెట్టను."

శీనప్ప వాచీ చూసుకున్నాడు. కుమార్ కిటికీలోంచి బయటికి చూశాడు. రత్నమ్మక్క బుట్టను నా కాలి పక్కనుంచి జాగ్రత్తగా ఇవతలికి జరిపింది. మునెంకటప్పన్న నన్ను కిందినుంచి పైదాకా చూసి, నెల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడారు.

"ఫోను ఏం పాపం చేసిందప్పా? నీ పనిముట్టు అది కాదు. వచ్చే ఏడాది నాలిక బయటపెట్టి నువ్వే తాంబాళంలో పండుకో, కుంకుమ దానికి పెడతాము. మంగళారతి అయ్యేదాకా దాన్ని కదిలించకూడదు, తెలుసు గదా?"